టర్కీలో సీమ వంట: కొత్తగా కాపురం పెట్టేవారికి

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి చదువుకో ఉద్యోగానికో టర్కీ వెళ్లేవారు సాధారణంగా పెట్టెలో సగాన్ని కారంపొడి, చింతపండు, కందిపప్పులతో నింపుకొని వెళ్తారు. రెండు నెలలకు ఆ సరుకు నిండుకుంటుంది. అందుచేత మన వంటలో ఏ దినుసు ఏ పని చేస్తుందో గమనించుకొని, ఆ పని చేయగల అక్కడి దినుసును మొదటి వారం నుంచే వెతుక్కోవడం మేలు. నా అనుభవంలో ఇంటి నుంచి తీసుకువెళ్లవలసినవి మూడే: నీడలో ఎండబెట్టిన కరివేపాకు, ఇంగువ, రాగిపిండి. వీటిని కూడా ప్రయాణానికి ముందు కస్టమ్స్ నియమాలు చూసుకొని సర్దుకోవాలి.

కూరగాయలకు పేటపేటకూ వారంలో ఒక నిర్ణీత రోజున జరిగే సంతకు వెళ్లాలి. దానిని పజార్ అంటారు. మసాలా దినుసులు అక్తార్ అనే దుకాణాల్లో విడిగా, తూకానికి దొరుకుతాయి. జీలకర్రను కిమ్యోన్ అనీ, ధనియాలను కిష్నిష్ అనీ, పసుపును జెర్దెచాల్ అనీ అడగాలి. టర్కీ 1928లో లాటిన్ లిపికి మారింది కనుక ఇంగ్లీషు వచ్చినవారు పొట్లాల మీది రాత చదవగలమనుకుంటారు. కానీ అక్కడ సీ అక్షరం జకారంగానూ, దాని కింద తోక ఉంటే చకారంగానూ పలుకుతుంది. చుక్క లేని ఐ అక్షరాన్ని పెదవులు గుండ్రంగా చుట్టకుండా ఉకారం పలికినట్లు పలకాలి. ఈ మూడు గుర్తుపెట్టుకుంటే మిగిలిన భాష మనకు మరీ పరాయిగా తోచదు. దుకాణం వారికి దుక్కాన్, సబ్బు సాబున్, చక్కెర షెకెర్, జవాబు జెవాప్. పైగా మన వాక్యంలాగే వారి వాక్యంలోనూ క్రియ చివరనే వస్తుంది.

ముందుగా పప్పు సంగతి. అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉండే కుర్ముజు మెర్జిమెక్ మన మసూరు పప్పే. ఒక గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి, పైకి తేలిన నురగ తీసివేస్తే, కుక్కర్ అవసరం లేకుండానే 20 నిమిషాల్లో మెత్తబడుతుంది. పులుపుకు సుమాక్ అనే ఎర్రటి పుల్లని కాయల పొడి వాడాలి. రెండు చెంచాల సుమాక్ పొడిని అర గ్లాసు వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి వడగడితే, చింతపండు రసం కంటే ఎర్రగా ఉండే పుల్లని నీళ్లు వస్తాయి. వాటిని పప్పు దించే ముందు కలపాలి. దానిమ్మ రసాన్ని చిక్కగా కాచిన నార్ ఎక్షిసి పులుసుకు బాగుంటుంది, అయితే సీసా మీద సోస్ అనే మాట ఉంటే అందులో తీపి పాకం కలిసి ఉంటుంది, దానిని కొనకూడదు. గోంగూర కోసం బెంగపడేవారు సంతలో కుజుకులా అనే ఆకు అడగాలి. ఆ మాటకు గొర్రెపిల్ల చెవి అని అర్థం. చట్టిలో వేసిన నిమిషంలోనే దాని పచ్చదనం పోయి, మగ్గిన గోంగూర రంగుకు తిరుగుతుంది. మొదటిసారి ఆ రంగు చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

వారి మిరప పలుకులను పుల్ బిబెర్ అంటారు. వాటికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. కాగిన నూనెలో వేస్తే వెంటనే మాడతాయి కనుక పొయ్యి ఆర్పిన తరువాతే వేయాలి. మిరప ముద్ద కొనేటప్పుడు ఘాటుదానికి అజు అనీ, తీపిదానికి తత్లు అనీ రాసి ఉంటుంది. ఆ ముద్దలో ఉప్పు ఉంటుంది, కాబట్టి కూరలో ఉప్పు చివరన రుచి చూసి వేసుకోవాలి.

చెనక్కాయలకు అనంతపురం ఎలాగో టర్కీలో ఒస్మానియె అలాగ. అయితే దుకాణాల్లో ఎక్కువగా వేయించి ఉప్పు పట్టించినవే ఉంటాయి. ఊరుబిండి అనే చెనక్కాయల పచ్చడికి పచ్చివే కావాలని చెప్పాలి. బియ్యంలో బాల్దో రకం లావుగా, కాస్త జిగటగా ఉంటుంది. సోనా మసూరి అన్నానికి అలవాటు పడినవారు దానిని నాలుగు నీళ్లు కడిగి గంజి వార్చుకోవాలి. సంగటికి మాత్రం ఆ జిగటే మేలు చేస్తుంది. రాగిపిండిలో అంత చక్కగా కలిసిపోయే మెతుకు సోనాలో కూడా రాదని నా అభిప్రాయం. ఉప్మాకు పిలావ్లుక్ అని రాసిన ముతక బుల్గుర్, అంటే ఉడికించి ఎండబెట్టిన గోధుమ రవ్వ, తీసుకొని, ఒకటికి రెండు నీళ్లు పోస్తే సరిపోతుంది.

మాంసం తినని వారు కూరగాయల చారును చూసి నమ్మకూడదు, చాలా చార్లకు మాంసం ఉడికించిన నీళ్లే ఆధారం. ఆలివ్ నూనెలో వండి చల్లగా వడ్డించే జెయ్‌తిన్‌యాలు అనే కూరలు సాధారణంగా మాంసం లేకుండా ఉంటాయి.

ఎవరింటికి వెళ్లినా చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి. లోపల తొడుక్కోవడానికి వేరే చెప్పులు ఇస్తారు. పాలు లేని టీ చిన్న గాజు గ్లాసులో వస్తుంది, తాగినకొద్దీ నింపుతూనే ఉంటారు; చాలనుకుంటే చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెట్టాలి. మనం అక్కా, అన్నా అన్నట్లే వారు తమకంటే పెద్దవారిని అబ్లా, ఆబీ అని పిలుస్తారు. రొట్టె ముక్క నేల మీద పడితే తీసి, ముద్దుపెట్టుకొని, ఎత్తైన చోట ఉంచే పెద్దలు ఉన్నారు. అన్నం మెతుకు తొక్కనివ్వని ఇళ్లలో పెరిగిన మనకు ఆ మర్యాద వెంటనే అర్థమవుతుంది.

కొత్తగా చేరిన ఇంటికి పక్కింటి అబ్లా పళ్లెంలో ఏదైనా పంపితే, ఆ పళ్లేన్ని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. మొదటిసారి కారం వంటకం పంపవద్దు. చెనక్కాయలు దోరగా వేయించి, పొట్టు ఊది, కచ్చాపచ్చాగా దంచి, బెల్లానికి బదులు పెక్మెజ్ అనే చిక్కని ద్రాక్ష పాకం కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు చుట్టి పంపండి. ఆమె తిని "ఎల్లెరినిజె సాలుక్" అంటుంది, అంటే మీ చేతులకు ఆరోగ్యం కలగాలని. దానికి "ఆఫియెత్ ఒల్సున్" అని బదులు చెప్పాలి.