అడవి పందులు చేను పాడు చేస్తే పరిహారానికి ఎట్లా అప్లై చేయాలి

అచ్చంపేట, దేవరకొండ వైపు పల్లి చేన్లో రాత్రి పందులు పడితే, తెల్లారి మనం చేసే మొదటి పని పెళ్లగించిన మొక్కలు ఏరి గెట్టు మీద వేయడం. దయచేసి ఆ పని ఆపండి. ఫారెస్టోళ్లు వచ్చి చూసేదాకా చేను ఎట్లుందో అట్లనే ఉండాలి, గుంతలు పూడ్చి సాళ్లు సర్దేస్తే పందులే పడ్డాయని చూపించడానికి ఏమీ మిగలదు.

వెలుతురు రాగానే ఫోన్‌లో లొకేషన్, తేదీ పడేలా ఫోటోలు తీయండి. గిట్టల గుర్తులు, ముట్టెతో దున్నినట్టు లేచిన మట్టి, కొరికి పారేసిన కాయల పొట్టు దగ్గర నుంచి తీసి, తర్వాత గెట్టు, బోరు కనబడేలా దూరం నుంచి ఇంకొన్ని. అదే పూట మీ ఊరి వైపు చూసే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి చెప్పండి, కానీ ఫోన్‌తో సరిపెట్టుకోవద్దు. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పేరిట దరఖాస్తు రాయండి: సర్వే నంబర్, ఏ పంట, ఎన్ని గుంటలు పోయింది, ఏ రాత్రి, ఏ జంతువు. దాంతో పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, ఫోటోలు పెట్టి, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే రేపు ఎవరిని అడగాలన్నా మన చేతిలో ఆధారం ఉండదు. కౌలుకు చేసేవాళ్లు పట్టాదారుతో ముందే ఒక కాగితం రాయించుకుని దగ్గర పెట్టుకుంటే మంచిది, నష్టపోయేది వాళ్లే, పేరు మాత్రం పాస్‌బుక్‌లో వేరేవాళ్లది.

చేను చూడటానికి వచ్చిన రోజు మీరు తప్పకుండా అక్కడ ఉండండి. ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) కూడా ముందే చెప్పి పెట్టండి. పంచనామాలో ఎంత విస్తీర్ణం రాశారో చదివాకే సంతకం చేయండి. ముప్పై గుంటలు పోతే పది అని రాసి ఉంటే అక్కడే అడగాలి, తర్వాత దిద్దించడం చాలా కష్టం.

పందుల బెడద ఆగకపోతే ఇంకో దారి ఉంది. 2021లో తెలంగాణ ప్రభుత్వం సర్పంచులకు గౌరవ వైల్డ్‌లైఫ్ వార్డెన్ హోదా ఇచ్చి, అడవి పందులను కాల్చడానికి అనుమతిచ్చే అధికారం అప్పగించింది. నష్టపోయిన రైతులంతా కలిసి పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వండి. కాల్చేది మాత్రం అటవీ శాఖ గుర్తించిన షూటర్లే, మనం ఉచ్చులు, నాటు బాంబులు పెడితే కేసే. మక్తల్, మాగనూర్ వైపు చేన్లు మేసే కృష్ణ జింకలకు ఈ అనుమతి వర్తించదు. అవి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి, అక్కడి రైతులకు పరిహారం దరఖాస్తే దారి.

ఎంత కడుపు మండినా మోటారు స్టార్టర్ నుంచి గెట్టుకు కరెంటు తీగ మాత్రం లాగకండి. రాత్రి నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతులు, ఒక్కోసారి తీగ పెట్టినవాళ్ల ఇంట్లోవాళ్లే దానికి తగిలి చనిపోతున్నారు. సోలార్ ఫెన్సింగ్ వేరు, అందులో కరెంటు క్షణకాలం వచ్చి ఆగుతుంది కాబట్టి జంతువు బెదిరి పారిపోతుంది. దానికి కూడా మోటారు లైన్ కలపొద్దు.