ఇంటి కరెంటు పని, 6వ పాఠం: థర్మోస్టాట్ కంటే ముందు ఆ లూపు తీయండి

పోయిన పాఠంలో ఎర్త్ గుంత నుంచి బాత్‌రూమ్ దాకా పచ్చ వైరు లాగి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టుకున్నాం. ఆ తర్వాత వచ్చిన ఫోన్లన్నిట్లో ఒకటే మాట: "అన్నా, గీజర్ వేస్తానే ట్రిప్ అయిపోతా ఉంది." తిరుపతి కొర్లగుంట నుంచి, బైరాగిపట్టెడ నుంచి, చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి. చిత్తూరాయన ఇంకో మాట కూడా చెప్పాడు: "పచ్చ వైరు పీకేశాన్నా, ఇప్పుడు ట్రిప్ కావడంలేదు, బాగుంది." ముందు గీజర్ ఆపి ప్లగ్ తీసెయ్యమన్నాను. పచ్చ వైరు పీకితే ట్రిప్ ఆగింది గానీ ప్రమాదం ఆగలేదు. అందుకే గీజర్ థర్మోస్టాట్ (నీళ్లు చాలినంత వేడెక్కగానే కరెంటు తెంచేది) గురించి చెప్పాల్సిన ఈ పాఠంలో దానికి కొంచెం చోటే మిగిలింది.

ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే. ఫేజ్‌లో ఎంత కరెంటు పోయిందో అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే తెగుతుంది. 2000 వాట్ల గీజర్ తీసుకునేది దాదాపు 8.7 ఆంపియర్లు. అందులో పిసరంత దారి తప్పినా అది వదలదు. కాబట్టి ట్రిప్ అవుతోందంటే కరెంటు ఇంకో దారిన పోతోందని అర్థం. ఆ దారి ఎక్కడుందో వెతకాలి.

పాత ఇళ్లలో మొదట చూడాల్సింది పవర్ ప్లగ్ వెనక. ఒకప్పుడు ఎర్త్ లాగని ఇంట్లో, మూడు పిన్నుల సాకెట్‌లో పై రంధ్రం ఖాళీగా ఎందుకని, న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకు వేలెడు వైరు ముక్కతో లూపు వేసి పోయేవాళ్లు. "రెండూ ఒకటే కదా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కలుస్తాయి కదా" అనేవాళ్లు. కలుస్తాయి, అక్కడ. మీ బాత్‌రూమ్ సాకెట్‌లో కలపకూడదు. ఈ లూపు మీద నాకు చెడ్డ కోపం ఉంది. ఎందుకో పూర్తిగా చెబుతాను.

న్యూట్రల్ అంటే కరెంటు మోసే వైరు. ఎర్త్ మామూలు రోజుల్లో ఏమీ మోయకూడదు. లూపు ఉన్న సాకెట్‌కు న్యూట్రల్ మధ్యలో ఎక్కడో తెగిందనుకోండి. జంక్షన్ బాక్సులో టేపు చుట్టిన జాయింటు కాలినా చాలు. అప్పుడు ఫేజ్ కరెంటు ఎలిమెంట్ (గీజర్ లోపల నీళ్లు కాచే కడ్డీ) గుండా న్యూట్రల్ స్క్రూకు వస్తుంది, వెనక్కి పోయే దారి లేక లూపు మీదుగా ఎర్త్ పిన్నుకు, అక్కడి నుంచి గీజర్ బాడీకి చేరుతుంది. ఇంటికి ఎర్త్ లేదు కాబట్టే కదా లూపు వేశారు! బాడీ మీద 230 వోల్టులు నిలబడి ఉంటుంది. ఇనుప పైపులుంటే కుళాయి దాకా వస్తుంది. షార్ట్ లేదు కాబట్టి ఎంసీబీ (షార్ట్ అయినా, లోడు మితిమీరినా తెగే స్విచ్) పడదు. నీళ్లు వేడెక్కవు. ఇంట్లోవాళ్లు గీజర్ చెడిపోయిందనుకుంటారు, తడి చేత్తో తట్టి చూస్తారు. గీజర్ స్విచ్ ఆపినా నమ్మకం లేదు. తెగిన చోటికి ఇవతల అదే న్యూట్రల్ మీద బాత్‌రూమ్ లైటు వెలుగుతుండాల్సింది ఉంటే, ఆ బల్బు గుండా కూడా బాడీకి కరెంటు వస్తుంది.

ఇప్పుడు ఆ చిత్తూరు ఇంటి సంగతి చూడండి. కొత్తగా మంచి ఎర్త్ వచ్చింది, పాత లూపు అలాగే ఉంది. న్యూట్రల్‌లో రావాల్సిన కరెంటులో కొంత లూపు మీదుగా భూమిలోకి పోయింది, ఆర్‌సీసీబీ పట్టుకుంది. తన పని తాను చేసింది. పచ్చ వైరు పీకగానే ఆ దారి మూసుకుపోయి ట్రిప్ ఆగింది. కానీ మిగిలింది ఎర్త్ లేని గీజరూ, లూపూ. పీకాల్సింది లూపు, పచ్చ వైరు కాదు.

చూసే పద్ధతి ఇది. ఆర్‌సీసీబీ దించండి, ఫేజూ న్యూట్రలూ రెండూ తెగుతాయి. మీటర్ నుంచి దానిదాకా వచ్చే వైర్లలో మాత్రం కరెంటు ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. అన్ని ప్లగ్గులూ పీకి, సాకెట్ చచ్చిందని మల్టీమీటర్‌తో నిర్ధారించుకున్నాక, బీప్ మోడ్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టండి. బీప్ రాకూడదు. వస్తే ఆ ఇంట్లో ఎక్కడో రెండూ తగులుకున్నాయి. స్క్రూ టెస్టర్ దీనికి పనికిరాదు, దాని బల్బు ఫేజ్ సంగతే చెబుతుంది. ఎంసీబీ మాత్రమే దించి వెతికితే దొరకదు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే తెంచుతుంది, న్యూట్రల్ తగులుకునే ఉంటుంది.

బీప్ లేదు, అయినా పడుతోందంటే రెండు కారణాలు ఎక్కువ. మేడ మీద పోర్షన్ తర్వాత కట్టిన ఇళ్లలో గీజర్ ఫేజ్ పైనుంచి, న్యూట్రల్ కింద పోర్షన్ నుంచి అరువు తెచ్చుకుని ఉంటారు. పోయిన కరెంటు వేరే మీటర్‌కు తిరిగొస్తే ఆర్‌సీసీబీ ఊరుకోదు. సొంత న్యూట్రల్ లాగడం తప్ప మందు లేదు. రెండోది ఎలిమెంట్. మన బోరు నీళ్లకు దాని మీద సున్నపు పెంకు కడుతుంది, లోపల వేడి పెరిగి గొట్టం చిట్లి నీళ్లు దిగుతాయి. 2000 వాట్ల ఎలిమెంట్ రెండు కొనల మధ్య సుమారు 26 ఓంలు చూపాలి. అది సరిగ్గానే చూపినా బాడీకి లీక్ ఉండొచ్చు. దాన్ని 500 వోల్టుల మెగ్గర్ (లీకు పట్టే మీటరు) ఉన్న వైర్‌మన్ చేత చూపించండి.

ఇక థర్మోస్టాట్. ప్లగ్ తీసి, నీళ్లు చల్లారాకే కింది మూత విప్పండి. వరస: ఫేజ్ ముందు సేఫ్టీ కటౌట్‌కు (వేడి మితిమీరితే కరెంటు తెంచేది), అక్కడి నుంచి థర్మోస్టాట్‌కు, అక్కడి నుంచి ఎలిమెంట్ ఒక కొనకు. న్యూట్రల్ రెండో కొనకు. పచ్చ వైరు ట్యాంకు బోల్టుకు. కొన్ని మోడళ్లలో రెండు వైర్లనూ తెంచే నాలుగు టెర్మినళ్ల థర్మోస్టాట్ ఉంటుంది, దానికి మూత లోపలి బొమ్మే ప్రమాణం. విప్పేముందు ఫోటో తీసుకోండి.

టెర్మినల్ పక్క ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, వైరు తొడుగు గట్టిపడి పెళుసుగా విరుగుతుంటే స్క్రూ లూజైందన్నమాట. ఆ కొన కత్తిరించి కొత్త లగ్ (వైరు కొనకు నొక్కి బిగించే లోహపు తొడుగు) వేయండి. పోగులు రంధ్రంలో పట్టలేదని నాలుగు కత్తిరించేవాళ్లను చూస్తుంటాను, అలా వద్దు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పూర్తిగా పట్టాలి. స్క్రూ బిగించాక వైరు లాగి చూసి, మళ్లీ బిగించడం నా అలవాటు. డయల్ 60 డిగ్రీల దగ్గరే ఉంచుతాను, పెంకు తక్కువ కడుతుంది.

థర్మోస్టాట్ పోయిందని, కొత్తది దొరికేదాకా అంటూ దాన్ని తప్పించి "డైరెక్ట్" చేయొద్దు. ఒక్క పూటకు కూడా వద్దు. నీళ్లు మరిగి ఆవిరి పట్టి, ప్రెజర్ వాల్వ్ కూడా పెంకు కట్టి బిగుసుకుపోయి ఉంటే ట్యాంకు పేలొచ్చు. ఆ పూట పొయ్యి మీద కాచుకోండి.

సాకెట్ 16 ఆంపియర్లది, బాత్‌రూమ్ బయట 20 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్. ఎదురుగా చూస్తే పైన ఎర్త్, కుడి ఫేజ్, ఎడమ న్యూట్రల్. వెనక నుంచి బిగించేటప్పుడు కుడిఎడమలు మారతాయి కాబట్టి అక్షరాలు చూసి బిగించండి.

ఈ వారం పని పెద్దదే. పైన చెప్పినట్టే ఆర్‌సీసీబీ దించి ఇంట్లో ప్రతి సాకెట్‌కూ న్యూట్రల్, ఎర్త్ మధ్య బీప్ చూసి, గది గదికీ కాగితం మీద రాయండి. గీజర్ న్యూట్రల్ ఏ ఎంసీబీ వరసలోంచి వస్తోందో చివరిదాకా పట్టుకుని గీత గీయండి. బీప్ వచ్చిన చోట ప్లేటు విప్పి ఫోటో తీసి పంపండి. కొత్త లైను లాగాల్సి వస్తే లైసెన్సున్న వైర్‌మన్‌ను పిలిచి ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి. వచ్చే పాఠం బోరు మోటారు స్టార్టర్, ఆ కాగితం లేనివాళ్లు దాన్ని మొదలుపెట్టొద్దు.