రెండు సున్నాలు కనిపించే వరకు తొట్టిలో చేపలు వేయకండి

మొన్న ఆదివారం తెల్లవారుతూనే, తిరుపతి కొర్లగుంటలో మా వీధి చివరి ఇంటి పిల్లవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. "మామయ్యా, చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, ఒక్కసారి రండి" అన్నాడు. నేను వెళ్ళేసరికి పదకొండింటిలో ఏడు చచ్చిపోయి ఉన్నాయి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఫిల్టరు తిరుగుతూనే ఉంది. చచ్చిన గోల్డ్‌ఫిష్‌ను అరచేతిలోకి తీసుకుని, బొటనవేలి గోరుతో మొప్ప మీది మూత ఎత్తి చూశాను. ఎర్రగా ఉండాల్సిన మొప్ప కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. అది చూశాక ఇంకే అనుమానమూ లేదు, నైట్రైట్ విషం.

పిల్లవాడి తప్పని నేను అనలేను. చేపలు వేయకముందే అమ్మోనియా చుక్కలు వేస్తూ ఫిల్టరును సిద్ధం చేసుకోవాలని తెలుసుకుని, పదహారు రోజులు ఓపిక పట్టాడు. నోటు పుస్తకంలో రోజువారీ లెక్క రాసుకున్నాడు. పదహారో రోజు "అమ్మోనియా 0" అని రాసి, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. గంగమ్మ జాతరకు చుట్టాలు వస్తారు, ఆలోగా తొట్టి కళకళలాడాలని ఇంట్లో తొందర. దుకాణంలో అడిగితే, అమ్మోనియా లేకపోతే చేపలు వేసుకోవచ్చని చెప్పారట. అతని దగ్గరున్న నీటి పరీక్ష కిట్టు అమ్మోనియాను మాత్రమే చూపుతుంది. నా కిట్టు తెచ్చి నైట్రైట్ చూశాను. గాజు గొట్టంలో నీళ్ళు ముదురు ఊదా రంగుకు తిరిగాయి, రంగుల కార్డులో ఆఖరి గడి అది.

వేసవి సెలవుల్లో ఊళ్ళో కొత్త తొట్లు చాలా మొదలవుతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. తొట్టిని సమంగా ఉన్న బల్ల మీద పెట్టాలి, ఎండ తగలకూడదు వంటివి అందరికీ తెలిసినవే. నేను చెప్పేది ఒకే ఒక్క తప్పు గురించి. ఒక సున్నా చూసి చేపలు వేయడం. ఇన్నేళ్ళలో ఎందరి తొట్లో ఖాళీ అవడం చూశాను. ఎక్కువ భాగం ఆ ఒక్క తప్పువల్లే.

ఫిల్టరు స్పాంజిలో పెరగాల్సిన బ్యాక్టీరియా ఒక రకం కాదు, రెండు రకాలు. నైట్రోసోమోనాస్ వంటివి, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను తిని నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రోస్పైరా వంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేపకు పెద్ద ఇబ్బంది లేదు, నీళ్ళు మారుస్తూ ఉంటే సరిపోతుంది. చిక్కంతా మధ్యలో ఉంది. మొదటి రకం పని మొదలుపెట్టేదాకా రెండో రకానికి తిండే ఉండదు. తిండి దొరికాక కూడా నిదానంగానే పెరుగుతాయి. కాబట్టి అమ్మోనియా సున్నాకు దిగేనాటికి నైట్రైట్ శిఖరాన ఉంటుంది. మీరు సంతోషపడే రోజే తొట్టి అన్నిటికన్నా ప్రమాదంగా ఉండే రోజు. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి చేరి, ఆ రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది. నీళ్ళనిండా గాలి ఉన్నా చేప ఊపిరాడక చస్తుంది. ఎయిర్ పంపు ఇంకొకటి పెట్టినంత మాత్రాన సరిపోదు.

ఒక సున్నా చాలదు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, రెండూ కావాలి. అదీ ఊరికే కాదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వేసిన 24 గంటల్లో రెండూ సున్నాకు రావాలి. వరుసగా రెండు రోజులు అలా వస్తేనే తొట్టి సిద్ధమైనట్టు. మామూలుగా దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి ఫిల్టరులోంచి స్పాంజి ముక్క ఒకటి తెచ్చి మీ ఫిల్టరులో పెడితే, పాలకు తోడు వేసినట్టు, సగం కాలంలోనే కుదురుకోవచ్చు. అయినా పరీక్ష మాత్రం అదే.

ఇక నీళ్ళ సంగతి. తిరుపతి కొళాయిల్లో కల్యాణి డ్యాం నీళ్ళు గానీ తెలుగుగంగ నీళ్ళు గానీ వస్తాయి. ఏవైనా క్లోరిన్ కలిపినవే. క్లోరిన్ మీరు పెంచాలనుకునే బ్యాక్టీరియానే చంపుతుంది. క్లోరిన్ విరుగుడు మందు వేయండి. లేదంటే నీళ్ళు వేరే బకెట్లలో పట్టి, ఒక రోజంతా ఎయిర్ పంపు ఆడించి అప్పుడు పోయండి. అపార్ట్‌మెంట్లలో మేడ మీది ట్యాంకును బ్లీచింగ్ పౌడరుతో కడిగిన వారంలో ఆ నీళ్ళు తొట్టిలోకి రానివ్వకండి. వాచ్‌మన్‌ను ముందే అడిగి ఉంచండి. బోరు నీళ్ళు గట్టివని భయపడి, మంచి చేద్దామనుకుని తాగే ఆర్వో నీళ్ళతో తొట్టి నింపేవాళ్ళున్నారు. చిత్తూరులో మా బంధువుల ఇంట్లో అదే చేశారు. ఈ బ్యాక్టీరియా పనిచేస్తున్నకొద్దీ నీటిలోని క్షారాన్ని ఖర్చు చేస్తాయి. ఆర్వో నీళ్ళలో అది దాదాపు ఉండదు. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) పడిపోయి, 6 దగ్గరకు రాగానే పని ఆగిపోతుంది. నెల గడిచినా అంకె కదలదు. బోరు నీళ్ళ గట్టిదనం ఈ దశలో మీకు సాయమే చేస్తుంది.

అమ్మోనియా విషయంలో కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మనుషులకు కూడా ప్రమాదం. ఇంట్లో పిల్లలుంటే పొడి రూపంలో ఉండే అమ్మోనియం క్లోరైడ్ తీసుకోండి. కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారం ఇదే, కానీ వాళ్ళ దగ్గరి బజారు సరుకు వద్దు, ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైనది కొనండి. 31.5 గ్రాములు తూచి, నీళ్ళు కలిపి ఒక లీటరు ద్రావణం చేసి పెట్టుకోండి. 100 లీటర్ల నీటికి ఈ ద్రావణం 10 మిల్లీలీటర్లు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా అవుతుంది, 20 వేస్తే 2. గులకరాళ్ళు పోగా తొట్టిలో నిజంగా ఎన్ని నీళ్ళు పట్టాయో బకెట్లతో లెక్కపెట్టండి. దుకాణంవాళ్ళు చెప్పిన లీటర్లు నమ్మకండి.

ద్రవ రూపంలో దొరికే గాఢ అమ్మోనియాయే వాడాలనుకుంటే, సీసాను గది వేడిలో తెరవకండి. మన మే నెల ఎండకు లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి, మూత తిప్పగానే ముఖం మీదికి చిమ్ముతుంది. సీసాను చల్లటి నీళ్ళలో అరగంట నిలబెట్టి, ఆరుబయట, కళ్ళద్దాలు పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పి తెరవండి. వాసన చూడకండి. బ్లీచింగ్ పౌడరు దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి. రెండూ కలిస్తే వచ్చే వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. స్నానాలగదిలో ఆ పని అసలే వద్దు. ఇళ్ళు తుడిచే అమ్మోనియా ద్రావణం అయితే సీసాను ఊపి చూడండి. నురగ నిలిచి ఉంటే అందులో సబ్బు కలిసింది, పారేయండి.

ఎరువుల కొట్టు యూరియా వద్దు. అది కిట్టులో అమ్మోనియాగా కనిపించదు. అంకె తక్కువగా ఉందని ఇంకా ఇంకా వేస్తూ పోతారు.

అమ్మోనియా అంకె లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటనివ్వకండి. ఎక్కువ వేస్తే తొందరగా అవుతుందనుకుంటారు, బ్యాక్టీరియా ఎదుగుదలే ఆగిపోతుంది. దాటితే సగం నీళ్ళు మార్చండి.

నైట్రైట్ కిట్టు కొనకుండా ఈ పని మొదలుపెట్టకండి. అమ్మోనియా కిట్టు ఒక్కటే ఉంటే కళ్ళకు గంతలు కట్టుకున్నట్టే.

పరీక్ష గొట్టాన్ని తెల్లకాగితం ముందు పెట్టి, పగటి వెలుగులో చూడండి. పసుపు బల్బు కింద ఆకుపచ్చ కూడా పసుపుగానే కనిపిస్తుంది.

అమ్మోనియా సున్నాకు వస్తే మళ్ళీ వేయండి. చేపలు కాదు, అమ్మోనియా.

నైట్రైట్ రంగు రెండు వారాలు కదలకపోయినా కంగారుపడకండి. అక్కడే ఎక్కువ కాలం పడుతుంది. మరీ ముదురుగా ఉంటే సగం నీళ్ళు మార్చి కొనసాగించండి.

ఫిల్టరు ఆపకండి. రాత్రి చప్పుడు వస్తోందని కూడా ఆపకండి.

కరెంటు గంటలకొద్దీ పోతే బ్యాటరీ ఎయిర్ పంపు గొట్టాన్ని స్పాంజి పక్కన పెట్టండి. ఆ బ్యాక్టీరియాకు గాలి కావాలి.

స్పాంజిని కొళాయి కింద కడగకండి. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

మధ్యాహ్నం నీళ్ళ వేడి చూడండి. 30 డిగ్రీల దాకా మేలు. 35 దాటుతుంటే మూత తీసి, నీటి మీదికి ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి.

రెండు సున్నాలు వచ్చాక కూడా నేరుగా చేపలు వేయకండి. అప్పటికి నైట్రేట్ పేరుకుని ఉంటుంది. ముప్పాతిక వంతుకు పైగా నీళ్ళు మార్చండి, క్లోరిన్ తీసినవాటితో.

అదే రోజు గానీ మరుసటి రోజు గానీ చేపలు తెచ్చుకోండి. ఆలస్యమైతే అమ్మోనియా వేస్తూనే ఉండండి. బ్యాక్టీరియాను పస్తు పెట్టకండి.

దుకాణం సంచిలోని నీళ్ళు తొట్టిలో పోయకండి.

చేపలు వేశాక రెండు వారాలు రోజూ రెండు పరీక్షలూ చేయండి. నైట్రైట్ మళ్ళీ కనిపిస్తే తిండి ఆపి, సగం నీళ్ళు మార్చి, పది లీటర్లకు 5 గ్రాముల కల్లుప్పు కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గర అడ్డుకుంటుంది. ఆ పిల్లవాడి తొట్టిలో మిగిలిన నాలుగింటిలో రెండు ఇలాగే నిలిచాయి. ఇప్పుడు మా తొట్టిలో ఉన్నాయి.

ఒక సున్నా చూసి వేయకండి. దుకాణంవాళ్ళు వేయమన్నా వేయకండి. నీళ్ళు తళతళలాడుతున్నా వేయకండి. జాతర వస్తే రానివ్వండి, చుట్టాలకు నీళ్ళు మాత్రమే ఉన్న తొట్టి చూపించండి. నిన్న పిల్లవాడు నోటు పుస్తకంలో కొత్త పేజీకి రెండు గడులు గీశాడు. మొదటి గడిలో 0 అని ఉంది. రెండో గడిలో 2.