సైబర్ కేసులో ఖాతా స్తంభిస్తే చేయవలసినవి

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన సొమ్ము ఖాతాలో పడిన కొన్నాళ్లకే, ఎక్కడో వేరే రాష్ట్రంలో నమోదైన ఫిర్యాదు వల్ల ఆ ఖాతా స్తంభించిపోవచ్చు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫిర్యాదు అందాక, మోసపోయిన డబ్బు ఏయే ఖాతాల గుండా సాగిందో వాటన్నింటినీ ఆపించే ప్రయత్నం జరుగుతుంది.

ముందుగా బ్యాంకు శాఖకు వెళ్లి ఫిర్యాదు నంబరు, ఆదేశమిచ్చిన పోలీసు స్టేషన్, వివాదంలో ఉన్న మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఖాతా అంతటినీ ఆపారా, ఆ మొత్తంపైనే లీన్ (ఆ మేరకే తీయకుండా నిలుపుదల) పెట్టారా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఐదు వేల వివాదానికి ఐదు లక్షలు నిలిచిపోతే, నా దృష్టిలో మీ బలమైన వాదన అదే.

తక్‌పట్టీ (మార్కెట్లో ఇచ్చే అమ్మకపు చీటీ), బిల్లులు, స్టేట్‌మెంటు జతచేసి ఆదేశమిచ్చిన స్టేషన్ దర్యాప్తు అధికారికి ఈమెయిల్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ వినతి పంపండి. కేసు తమది కానప్పుడు హనుమకొండ ఠాణావారు ఖాతాను తెరిపించలేరు.

జవాబు రాకపోతే కోర్టును ఆశ్రయించవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్ ప్రకారం, ఖాతా స్తంభన వంటి జప్తు సంగతిని పోలీసులు వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలి. తెలిపారో లేదో న్యాయవాది ద్వారా కనుక్కొని, అక్కడే 503వ సెక్షన్ కింద విడుదల కోరవచ్చు. నివేదికే పంపలేదని తేలితే, రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో వేసే రిట్‌లో ఆ లోపాన్ని ప్రధానంగా చూపించండి.