జావాస్క్రిప్ట్ నడుస్తోంది గానీ అనుకున్నది రావట్లేదా? లక్షణం నుంచి కారణం దాకా

జావాస్క్రిప్ట్‌తో పెద్ద చిక్కేంటంటే, చాలా తప్పులకు అది ఆగదు. ఏదో ఒక జవాబు ఇచ్చేసి ముందుకు పోతుంది, ఆ తప్పు ఎక్కడో చాలా కింద బయటపడుతుంది, మనం ఆ బయటపడిన చోట కోడ్‌ని అటూ ఇటూ మారుస్తూ గంటలు పోగొట్టుకుంటాం. అందుకే ఒక్క లైన్ ముట్టుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇక్కడ ఈ వేరియబుల్‌లో నిజంగా ఏముంది? ఈ లైన్ నడిచింది ఎప్పుడు? కింద చెప్పిన సమస్యల్లో దాదాపు అన్నీ ఈ రెండు ప్రశ్నలతోనే తేలిపోతాయి.

ఉదాహరణకి ఒక కిరాణా కొట్టు బిల్లింగ్ పేజీ అనుకుందాం. ధరలు సర్వర్ నుంచి వస్తాయి, ఎంత కావాలో బాక్సులో టైప్ చేస్తారు, సరుకుల పేర్లు తెలుగులో ఉంటాయి, చివర మొత్తం కనిపించాలి.

సమస్య: ధర ఉండాల్సిన చోట "ఆబ్జెక్ట్ ప్రామిస్" అని వస్తోంది, లేదా లిస్టు ఖాళీగా ఉంది

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. సర్వర్ నుంచి డేటా తెమ్మని ఫెచ్ అనే ఫంక్షన్ పిలవగానే డేటా రాదు, ఒక ప్రామిస్ వస్తుంది. టిఫిన్ సెంటర్లో డబ్బులు కట్టగానే చేతికి టోకెన్ ఇస్తారు కదా, దోశ ఇంకా పెనం మీదే ఉంటుంది, ప్రామిస్ కూడా ఆ టోకెన్ లాంటిదే. దాని ముందు అవెయిట్ రాస్తే డేటా వచ్చేదాకా ఆ ఫంక్షన్ ఆగుతుంది. అవెయిట్ వాడాలంటే ఆ ఫంక్షన్ ముందు ఎసింక్ అని ఉండాలి (మాడ్యూల్ ఫైల్‌లో ఏ ఫంక్షన్ లోపలా పెట్టకుండా నేరుగా రాసే కోడ్‌కి మాత్రం అక్కర్లేదు, 2022 స్టాండర్డ్ నుంచి అది నేరుగా పనిచేస్తుంది).

చాలామంది ఫెచ్‌కి అవెయిట్ పెడతారు, ఆ తర్వాత వచ్చే, జవాబుని డేటాగా మార్చే జేసన్ మెథడ్‌కి పెట్టడం మర్చిపోతారు. అది ఇచ్చేది కూడా ప్రామిసే. రెండు చోట్లా ఉండాలి. ఇంకొకటి, మీరు రాసిన ఎసింక్ ఫంక్షన్ కూడా ఎప్పుడూ ప్రామిస్‌నే ఇస్తుంది, లోపల రిటర్న్ చేసింది ఉత్త నంబరైనా సరే. కాబట్టి దాన్ని పిలిచే చోట కూడా అవెయిట్ కావాలి, దాన్ని పిలిచే ఫంక్షన్ కూడా ఎసింక్ కావాలి, అలా పైదాకా వెళ్తుంది. అది తప్పు కాదు, పద్ధతే అంత.

సమస్య: అవెయిట్ పెట్టినా మొత్తం సున్నాయే చూపిస్తోంది

ఆ అవెయిట్ ఫర్‌ఈచ్ లోపల ఉందేమో చూడండి. ఫర్‌ఈచ్ ఎవరి కోసమూ ఆగదు. లోపల ఎసింక్ ఫంక్షన్ ఇస్తే అన్నిటినీ మొదలుపెట్టేసి వెంటనే బయటకు వచ్చేస్తుంది, కింది లైన్‌లో మొత్తం ప్రింట్ చేసేసరికి ఒక్క ధర కూడా వచ్చి ఉండదు.

ఒకదాని తర్వాత ఒకటి తెచ్చుకోవాలంటే మామూలు ఫర్-ఆఫ్ లూప్ రాయండి, అందులో అవెయిట్ సరిగ్గా పనిచేస్తుంది. ఒకదానితో ఒకటికి సంబంధం లేకపోతే మ్యాప్‌తో ప్రామిస్‌ల అర్రే తయారుచేసి, ప్రామిస్ డాట్ ఆల్‌కి ఇచ్చి, దానికి అవెయిట్ పెట్టండి. ఇరవై సరుకుల ధరలు వరసగా తెస్తే ఇరవై సార్లు ఎదురుచూడాలి, ఇలా తెస్తే అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేదాని కోసం ఆగితే చాలు. కాకపోతే ప్రామిస్ డాట్ ఆల్‌లో ఒక్కటి ఫెయిలైనా మొత్తం ఫెయిలవుతుంది, వచ్చినంతవరకు చాలనుకుంటే ఆల్‌సెటిల్డ్ వాడండి.

సమస్య: "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్" అంటూ పక్కనే ఒక < గుర్తు

మీ జేసన్ (డేటా పంపే రాత పద్ధతి) పాడైందని వెతక్కండి. సర్వర్ జేసన్ పంపలేదు, హెచ్‌టీఎంఎల్ పేజీ పంపింది, దాని మొదటి అక్షరమే ఆ గుర్తు. అడ్రస్‌లో ఒక అక్షరం తప్పుపోయి 404 పేజీ వచ్చి ఉంటుంది, లేదంటే లాగిన్ గడువు అయిపోయి లాగిన్ పేజీ వచ్చి ఉంటుంది. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి రెస్పాన్స్ చూస్తే క్షణంలో తెలుస్తుంది.

దీనికి మూలం ఒకటుంది: 404 వచ్చినా 500 వచ్చినా ఫెచ్ దాన్ని ఎర్రర్‌గా లెక్కేయదు, మీ క్యాచ్ బ్లాక్‌లోకి రానే రాదు. నెట్ లేకపోవడం, బ్రౌజర్ రిక్వెస్ట్‌ని అడ్డుకోవడం లాంటివి జరిగితేనే అది విఫలమైనట్టు. కాబట్టి రెస్పాన్స్ రాగానే దాని ఓకే ప్రాపర్టీ నిజమో కాదో చూసి, కాకపోతే మీరే ఎర్రర్ త్రో చేయండి. ప్రతి ఫెచ్ కిందా ఈ రెండు లైన్లు ఉండాల్సిందే.

సమస్య: "క్యానాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్"

ఈ ఎర్రర్‌ని చివరిదాకా చదవండి, బ్రాకెట్‌లో ఏ ప్రాపర్టీ కోసం వెళ్లిందో రాసి ఉంటుంది. తప్పు ఆ ప్రాపర్టీలో లేదు, దానికి ఎడమవైపు ఉన్నదాంట్లో ఉంది. డాట్ బదులు ?. పెట్టేస్తే ఎర్రర్ పోతుంది, నిజమే, కానీ ఆ వాల్యూ లేకపోవడం మామూలే అయిన చోటే అది పెట్టాలి. ధర తప్పనిసరిగా ఉండాల్సిన చోట కూడా పెట్టేస్తే తప్పు కనపడకుండా పోతుంది, బిల్లు మాత్రం తప్పుగా వస్తుంది.

అన్‌డిఫైన్డ్ బదులు నల్ అని వస్తే, అదీ పేజీలోని ఎలిమెంట్‌ని పట్టుకునే చోట వస్తే, స్క్రిప్ట్ ట్యాగ్ హెడ్‌లో ఉండి, పేజీ తయారవకముందే నడిచిపోయి ఉంటుంది. ట్యాగ్‌కి డిఫర్ పెట్టండి, లేదా టైప్‌ని మాడ్యూల్ అని ఇవ్వండి, మాడ్యూల్స్ ఎలాగూ పేజీ చదవడం పూర్తయ్యాకే నడుస్తాయి.

మ్యాప్ చేశాక అర్రే నిండా అన్‌డిఫైన్డ్‌లే ఉంటే కారణం వేరు: యారో ఫంక్షన్‌లో మీసాల బ్రాకెట్లు పెట్టి రిటర్న్ మర్చిపోయారు.

సమస్య: 10కి 5 కలిపితే 105

ఇన్‌పుట్ బాక్సులోంచి వచ్చేది ఎప్పుడూ స్ట్రింగే (అక్షరాల వరస), దాని టైప్ నంబర్ అని ఇచ్చినా సరే. చదివిన వెంటనే నంబర్ ఫంక్షన్‌లో వేసి మార్చేయండి, లెక్క చేసే చోట కాదు. టుఫిక్స్‌డ్ కూడా స్ట్రింగే ఇస్తుంది, అది చివర్లో చూపించడానికి మాత్రమే, మధ్యలో వాడి మళ్లీ ప్లస్ చేస్తే ఇదే కథ.

డబ్బు లెక్కలో ఇంకో సంగతి: 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. దశాంశాలను కంప్యూటర్ బైనరీలో దాచుకోవడం వల్ల వచ్చే తేడా ఇది, చాలా భాషల్లో ఉన్నదే. రూపాయల్లో కాకుండా పైసల్లో, పూర్ణ సంఖ్యలుగా లెక్కపెట్టి, చూపించేటప్పుడు వందతో భాగించండి. లక్షల దగ్గర కామా మన పద్ధతిలో 1,00,000 అని పడాలంటే సొంతంగా రాసుకోకండి, టు-లొకేల్-స్ట్రింగ్‌కి "ఈఎన్-ఐఎన్" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తే అదే వేస్తుంది.

డిస్కౌంట్ సున్నా అని టైప్ చేసినా పాత డిఫాల్టే పడుతోందా? || వాడి ఉంటారు. అది సున్నాని కూడా "లేదు" కింద జమ కడుతుంది. 2020లో వచ్చిన ?? వాడండి, అది నల్, అన్‌డిఫైన్డ్ ఉన్నప్పుడే డిఫాల్ట్‌కి వెళ్తుంది.

ధరల్ని సార్ట్ చేస్తే 100, 40, 5 అని వస్తే, సార్ట్‌కి ఏమీ చెప్పకపోతే నంబర్లని కూడా స్ట్రింగులుగా మార్చి పోలుస్తుందని గుర్తుంచుకోండి. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేసే చిన్న ఫంక్షన్ ఇవ్వాలి. పైగా సార్ట్ అసలు అర్రేనే మార్చేస్తుంది, అది వద్దనుకుంటే టుసార్టెడ్ ఉంది.

సమస్య: తెలుగు పేర్లు విరిగిపోతున్నాయి, వెతికితే దొరకట్లేదు

ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో ఈ సంగతి సాధారణంగా కనపడదు, మనకేమో రోజూ అవసరం. "తెలుగు" అనే స్ట్రింగ్ లెంగ్త్ 6. కంటికి మూడు అక్షరాలే, కానీ ఎత్వం ఒకటి, కొమ్ములు రెండు విడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" కంటికి ఒక్కటే అక్షరం, లెంగ్త్ మాత్రం ఆరు. కాబట్టి పేరు పొడవుందని స్లైస్ చేస్తే "బెల్లం" కాస్తా "బెల్" అయి కూర్చుంటుంది. ముక్కలు చేసి రివర్స్ చేస్తే "గులుతె" రావాల్సింది పోయి ముందు ఒంటరి కొమ్ము, దాని వెనక "గులెత" వస్తుంది.

చోటు సరిపోక పేరు కత్తిరించాలనుకుంటే ఆ పని జావాస్క్రిప్ట్‌లో చేయకండి, సీఎస్ఎస్‌లోని, చివర మూడు చుక్కలు పెట్టే ఎలిప్సిస్‌కి వదిలేయండి. నిజంగా అక్షరాలు లెక్కపెట్టాల్సి వస్తే ఐఎన్‌టీఎల్ డాట్ సెగ్మెంటర్ ఉంది, పెద్ద బ్రౌజర్లలో ఆఖరున ఫైర్‌ఫాక్స్ కూడా 2024లో చేర్చుకుంది. గుణింతాల దగ్గర అది బాగా పనిచేస్తుంది, ఒత్తుల దగ్గర మాత్రం బ్రౌజర్ ఎంత కొత్తదన్నదాన్ని బట్టి తేడా రావచ్చు, ఎందుకంటే సంయుక్తాక్షరాన్ని విడదీయొద్దనే నియమం యూనికోడ్‌లోకి 15.1 వెర్షన్‌తో, 2023లో వచ్చింది.

వెతుకులాట సంగతి ఇంకా తలనొప్పి. "ఆయిల్" అని చివర పొల్లుతో ఉన్న పదం తర్వాత కొన్ని కీబోర్డులు కనపడని ఒక అక్షరం చేరుస్తాయి, దాని కోడ్ 200సి. చూడ్డానికి రెండు పదాలూ ఒకటే, === పెడితే మాత్రం ఫాల్స్. ట్రిమ్ దాన్ని తీయదు. వెతికే పదంలోంచీ, పోల్చే పేరులోంచీ రెండిట్లోనూ ఆ అక్షరాన్ని రీప్లేస్‌ఆల్‌తో తీసేసి, నార్మలైజ్ కూడా చేసి, అప్పుడు పోల్చండి. అసలు పేరు మాత్రం ఎలా ఉందో అలాగే దాచండి, ఎందుకంటే "సన్‌ఫ్లవర్" లాంటి మాటలో ఆ అక్షరం తీసేస్తే ఫ ఒత్తుగా కిందికి పోతుంది.

సమస్య: బిల్లు మీద నిన్నటి తేదీ

పొద్దున ఐదున్నరలోపే ఇలా జరుగుతోందా? టు-ఐఎస్ఓ-స్ట్రింగ్ వాడి మొదటి పది అక్షరాలు కోసి ఉంటారు. అది యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన) టైమ్ ఇస్తుంది, మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. టు-లొకేల్-డేట్-స్ట్రింగ్‌కి టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని ఇవ్వండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇదే ఇంకో రకంగా జరుగుతుంది: "2025-08-15" అని ఉత్త తేదీ ఇచ్చి డేట్ తయారుచేస్తే యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది, అక్కడి స్క్రీన్ మీద ఆగస్టు 14 కనిపిస్తుంది. విడి నంబర్లుగా ఇస్తే నెలలు సున్నా నుంచి మొదలవుతాయి, 8 అంటే సెప్టెంబరు.

సమస్య: ట్యుటోరియల్‌లో ఉన్నట్టే రాశాను, ఇంపోర్ట్ దగ్గర ఎర్రర్

స్క్రిప్ట్ ట్యాగ్‌కి టైప్ మాడ్యూల్ అని లేదు, లేదా బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ పాత వెర్షన్‌లో అయితే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఆ మాట లేదు. పెట్టాక కూడా బ్రౌజర్ సీఓఆర్ఎస్ (వేరే చోటి నుంచి ఫైళ్లు తెచ్చుకోకుండా అడ్డుకునే భద్రతా నియమం) అంటోందంటే, ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిచారు. మాడ్యూల్స్‌కి సర్వర్ కావాలి, వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ ఎక్స్‌టెన్షన్ చాలు.

ఒక మాట గట్టిగా చెప్తాను. చేతిలో ఉన్న మెటీరియల్‌లో పేజీ నిండా వార్ కనిపిస్తూ, లెట్, కాన్స్ట్, ప్రామిస్ అసలు లేకపోతే అది 2015కి ముందు రాసిన పాఠం. అమీర్‌పేట జిరాక్స్ నోట్స్ అయినా, యూట్యూబ్ వీడియో అయినా, దాన్ని పక్కన పెట్టేసి మొజిల్లా వాళ్ల వెబ్ డాక్యుమెంటేషన్ ఎండీఎన్ పట్టుకోండి. పాత పద్ధతి తప్పని కాదు, రెండు కాలాల కోడ్ కలిపి నేర్చుకుంటే ఏది ఎందుకుందో తేల్చుకోలేక భాషంటేనే భయం పట్టుకుంటుంది, ఆ భయంతో మంచి పిల్లలు వెనక్కి తగ్గడం చూస్తే బాధేస్తుంది.

వీటిలో ఏదీ కాకపోతే

కన్సోల్‌ని కూడా పూర్తిగా నమ్మకండి. ఆబ్జెక్ట్‌ని లాగ్ చేసి తర్వాత బాణం నొక్కి విప్పితే, మీరు విప్పిన క్షణంలో ఉన్నది కనిపిస్తుంది, లాగ్ చేసిన క్షణంలో ఉన్నది కాదు. అప్పటి విలువే కావాలంటే స్ట్రక్చర్డ్‌క్లోన్‌తో కాపీ చేసి లాగ్ చేయండి. ఒక బిల్లు మారిస్తే పాత బిల్లు కూడా మారిపోయే సమస్యకీ మందు అదే, మూడు చుక్కల కాపీ పై పొరనే కాపీ చేస్తుంది, లోపలి సరుకుల లిస్టు రెండు బిల్లులకీ ఒకటే అయిపోతుంది.

ఇంకా దొరక్కపోతే అనుమానం ఉన్న లైన్ పైన డీబగ్గర్ అని రాసి, డెవలపర్ టూల్స్ తెరిచి ఉంచి పేజీ రీలోడ్ చేయండి. కోడ్ అక్కడే ఆగిపోతుంది, ఆ క్షణాన ప్రతి వేరియబుల్‌లో ఏముందో స్కోప్ ప్యానెల్‌లో కనిపిస్తుంది. ఒక్కో లైన్ ముందుకు నడుపుతూ వెళ్లి, మీరు అనుకున్న విలువా అక్కడున్న విలువా మొదటిసారి వేరైన లైన్ దగ్గర ఆగండి, సరిచేయాల్సింది అక్కడే.