హోటల్లో కస్టమరు జారిపడితే ఏం చేయాలంటే

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర టిఫిన్ హోటల్ నడుపుతున్నా. "ఊరికే కేసులేస్తారబ్బా జనాలు" అని తోటి హోటలోళ్లు వాపోతుంటారు. సాక్ష్యానికి అమెరికా కాఫీ కేసు తెస్తారు. 1992లో 79 ఏళ్ల ముసలామె ఒళ్లో మెక్‌డొనాల్డ్స్ కాఫీ ఒలికి, చర్మం అతికించాల్సినంతగా కాలింది. ఆమె మొదట అడిగింది 20,000 డాలర్లే. అంతకుముందే ఆ కంపెనీకి కాలిన ఫిర్యాదులు 700 దాకా వచ్చున్నాయి. అది దొంగకేసంటే నేనొప్పుకోను.

సరే, మన సంగతి. పొద్దున ఉగ్గాని బజ్జీ రద్దీలో చేతులు కడిగే చోటు ఎప్పుడూ తడే. తుడిచే మనిషిని అక్కడే పెట్టండి. మరిగే సాంబారు గిన్నెను బల్లల మధ్యనుంచి తీసుకుపోనీయకండి. "మా బాధ్యత లేదు" అని బోర్డు తగిలించి నిద్రపోవద్దు, అది కాపాడదు.

ఎవరన్నా పడితే ముందు ఆస్పత్రి, వాదన తర్వాత. సీసీ కెమెరా రికార్డు ఆరోజే కాపీ తీయించండి. కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. నేల తడిగా ఉందా, ఏ టైము, చూసిందెవరు, అన్నీ ఉన్నదున్నట్టు రాసిపెట్టండి. మనకు నచ్చనివి కూడా. నిజంగా అబద్ధపు కేసైతే మనల్ని నిలబెట్టేది ఆ కాగితమే.

ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంటుంది, అందాకా పారేయకండి. జిల్లా వినియోగదారుల కమిషన్ నోటీసొస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. అడిగితే ఇంకో 15 రోజులిస్తారేమో, అంతే. 45 దాటితే కుదరదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి కవరు అందిన రోజే దానిమీద తేదీ వేసి వకీలుకు చూపించండి.