భవనం కంటే ముందు రిజిస్టరు: ఊరి మ్యూజియం తలపెట్టేవారికి

మ్యూజియం అనగానే మనవాళ్లు మొదట స్థలం గురించి, ఆ తరువాత ముఖద్వారం గురించి, చివరకు ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలన్న దాని గురించి మాట్లాడుకుంటారు. లోపల ఏం పెట్టాలన్న ప్రశ్న పునాది పడ్డాక గాని రాదు. తిరుపతిలోనో చిత్తూరులోనో చిన్న మ్యూజియం నెలకొల్పాలనుకునే సంఘాలు ఈ వరుసను తిరగవేయాలన్నదే ఇక్కడ చెప్పదలచినది.

ఢిల్లీ జాతీయ మ్యూజియం పుట్టుక ఇందుకు మంచి ఉదాహరణ. 1947–48లో లండన్‌లో జరిగిన భారతీయ కళా ప్రదర్శన కోసం దేశం నలుమూలల నుంచి సేకరించిన శిల్పాలను, చిత్రాలను తిరిగి వచ్చాక చెదరనివ్వకుండా రాష్ట్రపతి భవన్ గదుల్లో ఉంచి, 1949 ఆగస్టు 15న మ్యూజియంగా తెరిచారు. సొంత భవనం 1960లో గాని అందుబాటులోకి రాలేదు. ఇప్పుడు ఢిల్లీలోనే నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్‌లలో తలపెట్టిన ‘యుగే యుగీన్ భారత్’ మ్యూజియం దారి వేరు. అక్కడ కార్యాలయాల కోసం కట్టిన పాత భవనాలు ముందే ఉన్నాయి, వాటిని ప్రదర్శనశాలలుగా మలచాలి. అందుకే ఆ పనిలో అనుభవమున్న ఫ్రాన్స్ సంస్థతో 2024 డిసెంబరులో ఒప్పందం చేసుకున్నారు. లక్షన్నర చదరపు మీటర్లను నింపే బాధ్యత ప్రభుత్వం మోయగలదేమో గాని, మన సంఘాలకు నాలుగు గదులే ఎక్కువ.

కాబట్టి మొదటి పని ఒక వాక్యం రాయడం. “చిత్తూరు పల్లెల్లో చెరకు సాగుకు, బెల్లం తయారీకి వాడిన పనిముట్లను, వాటిని వాడినవారి మాటలను సేకరించి, భద్రపరచి, బడిపిల్లలకు చూపడం” అన్నంత నిర్దిష్టంగా ఆ వాక్యం ఉండాలి. “మన ఘన వారసత్వాన్ని చాటడం” అని రాసుకుంటే దేనినీ కాదనలేరు. పైన చెప్పిన వాక్యం ఉంటే గానుగను, పెనాన్ని, అచ్చులను తీసుకుంటారు, ఊరి పెద్ద తన తండ్రి నిలువెత్తు చిత్రపటాన్ని ఇవ్వబోయినప్పుడు మర్యాదగా వద్దనగలుగుతారు. అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022లో ఆమోదించిన నిర్వచనం కూడా మ్యూజియం లాభాపేక్ష లేని శాశ్వత సంస్థ అనీ, పరిశోధన, సేకరణ, పరిరక్షణ, వ్యాఖ్యానం, ప్రదర్శన దాని పనులనీ అంటుంది. ప్రదర్శన ఆ వరుసలో చివరిదని గమనించండి.

ఏది తేకూడదో కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. తిరుపతి దగ్గరి గుడిమల్లం పరశురామేశ్వరాలయంలోని లింగం ఎంత ప్రాచీనమైనదైనా పూజ జరిగే చోటే దాని చోటు. మ్యూజియం దాని ఛాయాచిత్రాలతో, కొలతలతో తృప్తిపడాలి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలోని బైరాగి, బండ, మాతంగి వేషాలు ఏటా ఒంటిమీదికి ఎక్కే సజీవ సంప్రదాయాలు. వాటిని గాజు పెట్టెలో బిగించడం కన్నా, వేషం కట్టేవారి మాటలను వారి అనుమతితో రికార్డు చేసి పెట్టుకోవడం మేలు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాల వంటివి, చారిత్రక లేదా సాహిత్య విలువగల రాతప్రతులైతే డెబ్బై అయిదేళ్లు దాటినవి పురావస్తువులు. వాటిలో ప్రభుత్వం ప్రకటించిన రకాలను నమోదు చేయించాలి. పొలం దున్నుతుండగా నిధి బయటపడితే 1878 నాటి చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి. దాతను నొప్పించినా సరే, కాగితం లేని విగ్రహాన్ని తీసుకోకండి.

ఇక రిజిస్టరు, అంటే మ్యూజియానికి వచ్చిన ప్రతి వస్తువు వివరాలు రాసే పుస్తకం. గట్టి అట్ట ఉన్న, పేజీలు కుట్టిన పుస్తకం కొని, చెరగని సిరాతో రాయండి. కంప్యూటరులో నకలు ఉంచుకోండి గాని అదొక్కటే చాలదు. ప్రతి వస్తువుకు ఒక సంఖ్య ఇవ్వాలి: 2025.14.3 అంటే 2025లో అందిన పద్నాలుగో విరాళంలోని మూడో వస్తువు. పేరు, కొలతలు, ఇచ్చినవారు, దొరికిన ఊరు, ఇప్పుడున్న స్థితి రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఇచ్చినవారు దాన్ని ఏమని పిలుస్తారో వారి మాటల్లోనే నమోదు చేయాలి. ఆ పిలుపును మనం పుస్తకభాషలోకి దిద్దితే వస్తువులో సగం పోయినట్టే. లోహం, మట్టి, రాయి అయితే తరువాత తీసివేయగల పారదర్శక లేపనం పూసి దాని మీద సంఖ్య వేయాలి, గుడ్డ అయితే సంఖ్య రాసిన నూలు పట్టీని కుట్టాలి. అంటుకునే టేపు దేనికీ వాడకూడదు.

నిల్వగదికి ప్రదర్శన గది కంటే మంచి చోటు ఇవ్వాలి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం చిన్న గదే అయినా తాళ్లపాక కవుల కీర్తనలు చెక్కిన రాగిరేకులను శతాబ్దాల పాటు కాపాడింది. ఎవరూ చూడని ఆ గదే లేకుంటే అన్నమయ్య కీర్తనల్లో ఎన్ని మనకు దక్కేవి? 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచిన తీరు చూసినవారు నేలమాళిగలో నిల్వగది కట్టాలని అనరు. రాయి, ఇటుక, సున్నపు గారతో, కలప లేకుండా కట్టిన చంద్రగిరి రాజమహల్ ఇప్పుడు పురావస్తు మ్యూజియంగా ఉంది. కొత్త ప్లాను గీయించే ముందు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అక్కడ గడిపితే, మందపు గోడలు మన ఎండను ఎంత నెమ్మదిగా లోపలికి రానిస్తాయో వాస్తుశిల్పికి చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది.

వెలుతురు విషయంలో మొహమాటం పనికిరాదు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల మీద పడే కాంతి 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదు, ఎండ నేరుగా తగలకూడదు. ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు గనుక ఒక్కో వస్త్రాన్ని మూడు నాలుగు నెలలు చూపి, చీకటిలో విశ్రాంతినిచ్చి, మరొకటి పెట్టాలి. పంచలోహ విగ్రహాలను పండుగకని చింతపండుతో తోమే అలవాటు ఇంట్లో ఉండవచ్చు గాని మ్యూజియంలో అది నేరమే, ఎందుకంటే ఆ పులుపు పైపొరను, దానితో పాటు సన్నని చెక్కుడు గీతలను తినేస్తుంది. లేతపచ్చని పొడి మచ్చలు కనిపిస్తే విగ్రహాన్ని పొడిగా, వేరుగా ఉంచి నిపుణుణ్ణి పిలవాలి.

భవనం అరుగు ఎత్తు ఆలోచించేటప్పుడు చక్రాల కుర్చీని గుర్తుంచుకోండి. ఒకటికి పన్నెండు వాలు లెక్కన 45 సెంటీమీటర్ల అరుగుకు 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. తరువాత అతికించుదామనుకుంటే స్థలం దొరకదు. వివరణ పలకల్లో తెలుగు ముందు ఉండాలి. సరిహద్దు జిల్లా, పైగా యాత్రికుల ఊరు కనుక తమిళం కూడా ఉండాలి.

ఆహ్వానపత్రికలు అచ్చుకు ఇచ్చే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. సంఘంతో సంబంధం లేని వ్యక్తిని పిలిచి, రిజిస్టరులో తోచిన పది సంఖ్యలను చదవమనండి. ఆ పది వస్తువులను గంటలోగా తెచ్చి చూపగలిగితే పత్రికలు అచ్చు వేయించండి. ఒక్కటి దొరకకపోయినా తేదీని వాయిదా వేయండి.